చదవని పుస్తకాల బండి

నా చిన్నతనంలో, అంటే నాకు పదేళ్ళు నిండి పదకొండు నడుస్తున్నప్పుడు, మా ఇంట్లో వడ్లు పోసుకునే గుమ్మి నిండా పుస్తకాలు ఉండేవి. గుమ్మి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. వెదురు బద్దలతో మనిషెత్తు బుట్ట అల్లి, లోపలా బయటా పేడతో అలికి, ఏడాదికి సరిపడే గింజలు అందులో పోసి ఉంచుకునేవాళ్ళం. మా ఇంట్లో అలాంటివి రెండు ఉండేవి. ఒకదానిలో వడ్లు ఉండేవి. రెండోదాన్ని మా తాత ఎప్పుడు ఆక్రమించుకున్నాడో తెలియదు గానీ, నాకు ఊహ తెలిసేనాటికే అందులో గింజ అన్నది లేదు.

మా ఊరు గోదావరి ఒడ్డున ఉండేది. ఇప్పుడు నిర్మల్ జిల్లా అంటున్నారు ఆ ప్రాంతాన్ని. ఉండేది అనే చెప్పాలి, ఎందుకంటే అది నీళ్ళ కిందికి పోయి చాలా ఏళ్ళయింది. తాత వ్యవసాయదారుడు. జొన్నలు, నువ్వులు, కొంచెం పత్తి వేసేవాడు. పాతకాలంలో మా దిక్కు బడులన్నీ ఉర్దూవే కాబట్టి నాలుగు తరగతులు ఉర్దూలో చదివాడు. తెలుగు అక్షరాలు మాత్రం పెద్దయ్యాక, ఖానాపూర్ అంగడిలో ఒక దుకాణం గుమాస్తా పక్కన కూర్చుని నేర్చుకున్నాడట. అందుకేనేమో, చాలా మెల్లగా చదివేవాడు. వరుస కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ ఒక పేజీ చదివి, తరువాత ఏటి వైపు చూస్తూ చాలాసేపు కూర్చునేవాడు. ఒక పుస్తకం పూర్తి కావడానికి రెండు నెలలు పట్టేది. అయిపోయిన రోజు దాన్ని కళ్ళకద్దుకుని అటక మీద పెట్టేవాడు. చదవనివి గుమ్మిలో, చదివినవి అటక మీద. ఆ రెండు చోట్లకూ మధ్య రెండు నెలలకొక పుస్తకం ప్రయాణం చేసేది.

ఎక్కడెక్కడినుంచి తెచ్చేవాడో! ధర్మపురి జాతరకు పోతే అందరూ గాజులు, గిన్నెలు, బత్తీస మిఠాయిలు కొనుక్కుని వచ్చేవాళ్ళు. మా తాత మాత్రం నేల మీద పరిచి అమ్మేవాళ్ళ దగ్గర ఏరి, తువ్వాలలో కట్టుకుని నాలుగు పుస్తకాలు తెచ్చేవాడు. కిరాణా దుకాణంలో బెల్లం కట్టడానికి పేజీలు చింపుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, మిగిలింది అడిగి తీసుకునేవాడు. బోథ్‌లో ఉండే మా తాత చెల్లెలి ఇంటికి పోయి వచ్చినప్పుడు సంచిలో మరాఠీ పుస్తకాలు ఉండేవి. ఆయనకు మరాఠీ మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. అయినా తెచ్చేవాడు. ఎడ్ల రోగాల పుస్తకం, నక్షత్రాల పుస్తకం, ముందు సగం లేని వ్యాకరణం, గడియారాలు బాగుచేయడం గురించి ఉర్దూలో ఒక లావుపాటి గ్రంథం. మా ఇంట్లో గడియారమే లేదు.

గుమ్మిలోంచి పుస్తకం తీయడం నా పని. తాత నన్ను చంకల కింద పట్టుకుని పైనుంచి లోపలికి దింపేవాడు. లోపల చల్లగా, మసక చీకటిగా, పాత కాగితం వాసన, ఆ కింద ఇంకా పోని వడ్ల వాసన వచ్చేవి. ఏ పుస్తకం కావాలో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. "నీ చేతికి ఏదొస్తే గది ఇయ్యి బిడ్డా" అనేవాడు. నేను కళ్ళు మూసుకుని ఒకటి లాగి పైకి అందించేదాన్ని. రెండు నెలలు ఆయన ఏ లోకంలో ఉండాలో నేను నిర్ణయిస్తున్నానని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఆ ఏడు బడిలో మాకు పెద్ద భాగహారాలు నేర్పారు. కొత్తగా నేర్చిన లెక్క దేనిమీదైనా వేసి చూడాలని చెయ్యి దురద పెట్టే వయసు. గుమ్మిలో కూర్చుని రెండు రోజులు పుస్తకాలు లెక్కపెట్టాను. నూట నలభై నాలుగు ఉన్నాయి. పలక మీద లెక్క చేసి, ఆవులకు కుడితి పెడుతున్న తాత దగ్గరికి పరుగెత్తాను.

"తాతా, ఏడాదికి ఆరు చదువుతున్నవ్. గుమ్మిల ఉన్నయి చదవాల్నంటే ఇరవై నాలుగేండ్లు పడ్తది. కని నువ్వు ఏడాదికి పది తెస్తున్నవ్. ఆరు పోయి పది వస్తే ఇగ గివి ఎన్నటికి ఒడువయ్."

ఆయన కంగారు పడతాడని నేననుకున్నాను. కుడితి బాన పట్టుకుని నిలబడి కాసేపు ఆలోచించి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు. భుజం మీది తువ్వాల జారి కుడితిలో పడింది.

"గట్లనా! ఇంటున్నవా," అని ఇంట్లోకి కేకేశాడు. "నా పుస్తకాలు ఎన్నటికి ఒడువయట."

లోపలినుంచి మా బాపమ్మ, అంటే మేము బాపు అని పిలిచే మా నాన్న తల్లి, గొంతు వినిపించింది. "నా కష్టం గూడ ఒడువది."

తాతకు సంతోషం ఎందుకు కలిగిందో నాకు అర్థం కాలేదు. ఎన్ని ఏళ్ళు తిన్నా గింజలు అయిపోవని చెబితే సంతోషించాలి, ఎన్ని ఏళ్ళు చదివినా పని పూర్తి కాదంటే సంతోషమేమిటి? చాలా రోజులు నన్ను ఆ ప్రశ్న తొలిచింది. అడిగితే, "నువ్వే ఆలోచన చెయ్యి, లెక్కలు వస్తున్నయి గద" అనేవాడు.

ఆ తరువాతి ఎండాకాలానికి ఊరు ఖాళీ చేయాలని కబురు వచ్చింది. గోదావరి మీద ఆనకట్ట లేస్తున్నదని ఎప్పటినుంచో వింటూనే ఉన్నాం గానీ ఊళ్ళో చాలామంది నమ్మలేదు. అధికారులు వచ్చి గోడల మీద ఎర్రరంగు గీతలు గీసి పోయారు. నీళ్ళు అంతవరకు వస్తాయన్నమాట. మా ఇంటికి తలుపు పైన గీశారు. నేను స్టూలు ఎక్కినా ఆ గీత నాకు అందలేదు. అది చూశాక గాని మా బాపుకు నమ్మకం కుదరలేదు.

ఊరంతా విప్పుకోవడం మొదలైంది. పెంకులు, దూలాలు, తలుపులు, చివరికి గడపలు కూడా ఊడదీసి బండ్లకెత్తారు. మాకు కొత్తగా ఇచ్చిన జాగా ఒక పగటి ప్రయాణం దూరంలో ఉంది. అందరూ ఒకేసారి కదులుతున్నారు కాబట్టి బండ్లు దొరకడం కష్టమైంది. మాకు మిగిలింది ఒకటే బండి. ముందే పోయి గుడిసె వేయడానికి బాపు, మేము అవ్వ అని పిలిచే అమ్మ, చిన్నపిల్లలు పొరుగువాళ్ళ బండిలో వెళ్ళిపోయారు. తాత, బాపమ్మ, నేను చివరి సామానుతో వెళ్ళాలని అనుకున్నాం.

బాపమ్మ ఆ రోజు తీర్పు చెప్పింది. "రెండు సంచులు. గింజల మీద రెండు సంచుల పుస్తకాలు ఎక్కితె ఎక్కినయ్. మూడోది ఎక్కితే నేను దిగుత."

అటక మీదవి, గుమ్మిలోవి కలిపితే అయిదు సంచులకు తక్కువ కావు. తాత వాదించలేదు. గోనెసంచులు రెండు దులిపి తెచ్చి, నన్ను గుమ్మిలోకి దింపాడు. నేను అందిస్తుంటే ఆయన నింపుతూ పోయాడు. సంచులు నిండాయి, గుమ్మి ఖాళీ అయింది. మూతులు కుట్టేశాడు. అప్పుడు గాని నాకు వెలగలేదు. ఆయన మూట కట్టింది అంతా చదవనిదే. చదివినవి, ఎంతో ఇష్టపడి కళ్ళకద్దుకుని దాచుకున్నవి, అటక మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"తాతా, మంచియి మర్చిపోయినవ్," అన్నాను.

"మర్చిపోలే," అన్నాడు.

మర్నాడు పొద్దున తువ్వాలలో పదేసి పుస్తకాలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నేనూ వెంట తిరిగాను. ఎడ్ల రోగాల పుస్తకం మంద కాసే ముసలాయనకిచ్చాడు. వ్యాకరణం బడిపంతులుకు ఇచ్చాడు. కమ్మరి ఆయన తనకు అక్షరం రాదంటే, "నీకు గాదు, నీ కోడలు చదువుకున్నదట గద" అని ఒకటి చేతిలో పెట్టాడు. ఊరు చెల్లాచెదురవుతున్నది, ఎవరు ఎటు పోతారో తెలియదు. పెంకులు దించుతున్నవాళ్ళు కిందికి దిగి, చేతుల దుమ్ము తుడుచుకుని పుస్తకం తీసుకున్నారు. కొందరు అక్కడే కూర్చుని ఏడ్చారు. పుస్తకానికి కాదు, చెయ్యి ఆగితే ఏడుపు వస్తున్నది వాళ్ళకు.

ఆఖరున పడవ నడిపే మామ ఇంటికి పోయాం. ఏరు దాటించేది ఆయనే. నా ఈడు కూతురు ఉండేది ఆయనకు. బడికి ఒక ఏడాది వచ్చి మానేసింది, పడవలో నీళ్ళు తోడటానికి. ఆ పిల్ల చేతిలో తాత పెట్టిన పుస్తకాన్ని చూడగానే గుర్తుపట్టాను.

అది నా పుస్తకం. నాదని పేరు రాసి లేదు, కానీ నాదే. అట్టలు ఊడిపోయి, పేరేమిటో రాసినవాళ్ళెవరో తెలియని కథ. ఒక కుమ్మరి ఇంటి పిల్ల తమ ఊరి నది ఎక్కడ పుట్టిందో చూడాలని ఎగువకు నడుచుకుంటూ పోతుంది. ఊరూరా నదికి ఒక్కో పేరు. ఒక చోట అవ్వ అంటారు, ఒక చోట చెల్లె అంటారు, ఒక ఊళ్ళో ఏ పేరూ లేదు, ఉత్త నీళ్ళు అంటారు. తాత నాకది మూడుసార్లు చదివి వినిపించాడు. నాలుగోసారి నేనే చదువుకున్నాను.

నన్ను ఒక్క మాట అడగలేదు. ఇంటికి వచ్చేదాకా తాతతో మాట్లాడలేదు నేను. అన్నం ముందు కూర్చుని, "దానికి చదవరాదు గద" అన్నాను. తాత ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూసి, "నిన్ను అడగాల్సి ఉండె. తప్పే," అన్నాడు. అంతే. తప్పే అన్నాడు గానీ, తిరిగి తెస్తానని అనలేదు.

బయలుదేరే ముందురోజు నేను జల్లెడ ఇచ్చి రావాలన్న వంకతో పడవ మామ ఇంటికి పోయాను. పైకప్పు లేని ఇంట్లో ఎవరూ లేరు, అందరూ ఏటి దగ్గర పడవ విప్పుతున్నారు. వాకిట్లో సామాను పేర్చి ఉంది. కుండల మీద గుడ్డలో చుట్టి పుస్తకం. గుడ్డను మడిచి అలాగే పెట్టి, పుస్తకాన్ని లంగా మడతల్లో దోపుకుని వచ్చేశాను. ఇంటికి వచ్చి మా బొంత చుట్టలో లోపలికి తోసేశాను. దొంగతనం అన్న మాట నా మనసుకు రాలేదు. నా వస్తువు నేను తెచ్చుకున్నానని అనుకున్నాను. అయినా ఆ సాయంత్రం తాత నన్ను పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.

తెల్లవారుతూనే బండి కట్టాం. బాపమ్మ ఇల్లు లేని గోడల చుట్టూ ఒకసారి తిరిగి, గుమ్మిని చేత్తో తట్టి, వచ్చి బండెక్కింది. ఎక్కినప్పటినుంచి పెదవి విప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి చూస్తూ కూర్చుంది. తాత ఎడ్ల పక్కన నడుస్తున్నాడు. నేను బొంత చుట్ట మీద కూర్చున్నాను. మా వెనక పడవ మామ బండి వస్తున్నది. వాళ్ళు మాతో వాగు దాకా వచ్చి, అక్కడినుంచి ఆ పిల్ల అమ్మమ్మ ఊరి దారి పట్టాలి.

ఒక ఊరు దాటామో లేదో, ఆ పిల్ల పరుగెత్తుకుంటూ మా బండి పక్కకు వచ్చింది. ముఖమంతా కన్నీళ్ళు, దుమ్ము కలిసి చారలు కట్టి ఉంది.

"తాతా, కోపం జెయ్యకు," అన్నది వెక్కుతూ. "నువ్విచ్చిన పుస్తకం పోయింది. కుండల మీదనే పెట్టిన. పొద్దుగాల చూస్తే గుడ్డ ఉంది, గది లేదు. మొత్తం ఎతికిన."

నా కింద బొంత నిప్పులా కాలినట్టయింది. ఆ పిల్ల నన్ను అనుమానించలేదు. నా వైపు చూడను కూడా లేదు. ఇచ్చిన వస్తువు కాపాడుకోలేకపోయానని దాని బాధ.

తాత దాని తల నిమిరాడు. "పరేషాన్ గాకు బిడ్డా. పోతే పోయింది. ఎవలో ఒకలు చదువుకుంటరు. జర బండెక్కు. గా కత మా పిల్లకు మంచిగ ఎరుక. వాగొచ్చే దాక చెప్తది, ఇను."

ఆయన నా వైపు చూడలేదు. ఎడ్లను అదిలిస్తూ ముందుకు నడిచాడు.

ఆ పిల్ల నా పక్కన ఎక్కి కూర్చుంది. ఇద్దరం ఆ పుస్తకం మీదే కూర్చున్నాం, ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. చెప్పక తప్పదు కాబట్టి మొదలుపెట్టాను. కుమ్మరి పిల్ల తిరుగుతున్న సారె పక్కన నిలబడి, కుండకు కావలసిన నీళ్ళు ఎక్కడివని వాళ్ళ బాపును అడుగుతుంది. ఏటివి అంటాడు. ఏరు ఎక్కడిది అంటుంది. అక్కడినుంచి కథ దానంతట అదే కదిలింది. ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో నాకు తెలుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే బాపమ్మ కొంగు నోటినుంచి దింపి వింటున్నది.

కుమ్మరి పిల్ల సుడిగుండం ఈది దాటే చోటికి వచ్చినప్పుడు ఆ పిల్ల నన్ను ఆపింది.

"సుడి కాడ గట్ల ఎదురు ఈదరు. ఈదితే మునుగుతరు. సుడితోని పోయి, అది ఇడిసిన కాడ పక్కకు జరగాలె," అన్నది చేతులతో చూపిస్తూ. "ఆ పిల్ల గట్లనే చేసి ఉంటది. రాసినాయనకు ఎరుక లేదు."

నాలుగుసార్లు విని, చదివిన కథలో నేను ఆ చోట ఏనాడూ ఆగలేదు. సుడిగుండం దాటింది అంటే దాటింది అనుకున్నాను. ఎలా దాటుతారో దీనికి తెలుసు. చదవరాని దానికి పుస్తకం ఎందుకని నేను అన్న మాట గుర్తొచ్చి నాకు తల దించుకోవాలనిపించింది.

కథ చివర కుమ్మరి పిల్ల కొండ మీదికి చేరుతుంది. అక్కడ ఒక తడి బండ, దాని నుంచి చుక్కచుక్కగా నీళ్ళు. బండ పక్కన ఒక ముసలామె ఉంటుంది. నది ఎక్కడినుంచి వస్తున్నదో చూడటానికి వచ్చానని పిల్ల చెబితే, ముసలామె ఆశ్చర్యపోయి, నేను పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను, ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయో చూడాలని నాకు ఎంత కోరికో అంటుంది. అక్కడితో కథ అయిపోతుంది.

ఆ పిల్ల మెల్లగా, "మరి ముసలామె నీళ్ళెంబడి కిందికి పోయిందా?" అన్నది.

"పుస్తకంల అంతవరకే ఉంది."

"సదువు నేర్చినంక నేనే చూద్దమనుకున్న. ఆఖరి కాయితం మీద ఏమన్న ఉండెనేమో."

అప్పటికి వాగు వచ్చింది. పడవ మామ వెనకనుంచి కూతుర్ని పిలుస్తున్నాడు. అది దిగి నాలుగడుగులు వేసేసరికి నాకు ఇక కూర్చోవడం చేతకాలేదు. బొంత చుట్టలోకి చెయ్యి పెట్టి పుస్తకం లాగి, దూకి పోయి దాని చేతిలో పెట్టాను. అది పుస్తకం చూసింది, నన్ను చూసింది.

"నీ బొంతలకు ఎట్లొచ్చింది?"

నేను నోరు తెరిచేలోపే బండి పక్కనుంచి తాత, "సామాన్లు సదిరేటప్పుడు కలిసిపోయుంటది బిడ్డా. దొరికింది గద, మంచిగైంది," అన్నాడు. మా తాత అబద్ధం చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే.

వాళ్ళ బండి మలుపు తిరిగింది. నేను వాగు ఒడ్డున కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో కొంత, పుస్తకం నిజంగానే పోయిందని కొంత. తాత ఎడ్లను విప్పి నీళ్ళకు వదిలాడు. నన్ను ఊరుకోమనలేదు, మంచి పని చేశావని మెచ్చుకోనూ లేదు. సంచి మూతి కుట్లు రెండు విప్పి, చేతికి వచ్చిన పుస్తకం ఒకటి లాగి నా ఒడిలో వేశాడు.

"ఇగ ఇది చెప్పు," అన్నాడు.

అది మరాఠీ పుస్తకం. పై అట్ట మీద ఒక బొమ్మ ఉంది. ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంటి మధ్య గదిలో ఒక బావి. గిలక, తాడు అన్నీ ఉన్నాయి.

"ఇంట్ల బావి ఎందుకున్నది?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"నాకెరుక లేదు."

"నువ్వు చదవలేదా?"

"చదవలే. అక్షరాలే రావు గద నాకు."

"మరెందుకు మోస్తున్నవ్? చదివినయన్ని పంచిపెట్టి ఇవి ఎందుకు తెస్తున్నవ్?"

తాత నా పక్కన ఇసుకలో కూర్చున్నాడు. "ఇందాక కత మొత్తం చెప్పినవ్. పుస్తకం తీసి చూసినవా? చూడలే. అది నీతోనే వస్తున్నది, దానికి బండెందుకు? గీ బావి ముచ్చట నా దగ్గర లేదు. ఇడిసిపెట్టి వస్తే నీళ్ళల్ల పడి పోతది, ఇగ నాకు ఎన్నటికి తెల్వది." ఎడ్ల వైపు చూసి, "నువ్వు అప్పుడు లెక్క జేసి చెప్పినవ్ గద, ఒడువయని. గా రోజు నాకు ఎంత ధైర్యమొచ్చిందో! ఊరు పోతున్నదని అప్పటికే నాకు ఎరుక. ఊరు పోయినా తెలుసుకునేది ఇంత మిగిలున్నదని అనిపిచ్చింది," అన్నాడు.

నేను మళ్ళీ బొమ్మ చూశాను. ఇంటి మధ్య బావి ఎందుకుంటుంది? ఎవరైనా దాచుకున్నారా? లోపలికి మెట్లున్నాయా? దొంగలు వస్తే దిగి దాక్కోవడానికా? ఎడ్లను మళ్ళీ కట్టి బయలుదేరాక కూడా తాతా నేనూ ఊహిస్తూనే ఉన్నాం. బావి కిందినుంచి ఇంకో ఊరికి దారి ఉందని నేనన్నాను. ఆ ఇల్లు కట్టక ముందు అక్కడ తోట ఉండేదేమో అన్నాడు ఆయన. పొద్దు వాలుతుండగా, పొద్దుటినుంచి ఒక్క మాట మాట్లాడని బాపమ్మ ఉన్నట్టుండి గొంతు సవరించుకుంది.

"మీ ఇద్దరికి బిందె మోసుడు ఎరుకలేదు గనుక గట్ల మాట్లాడుతున్నరు," అన్నది. "ఎవలో తెలివిగల్ల ఆడిది. ఇంట్లనే బావి తవ్విచ్చుకున్నది."

తాత నడుస్తూ నడుస్తూ ఆగి నవ్వాడు. బాపమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఊరు విడిచాక మా బండిలో వినబడిన మొదటి నవ్వు అది.

కొత్త జాగా గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. రాళ్ళ నేల, నీడ లేదు, పొలాలు చేతికి రావడానికి రెండేళ్ళు పట్టింది. అంతవరకు పని లేక మగవాళ్ళు రేకుల కప్పు కింద కూర్చుని పాత ఊరి మాటలే చెప్పుకునేవాళ్ళు. ఎవరో ఒకరు కంట తడి పెట్టుకోగానే అందరూ లేచి పోయేవాళ్ళు. ఒక మధ్యాహ్నం తాత అక్కడికి సంచిలోంచి ఒక పుస్తకం తీసుకుపోయి, "దీంట్ల ఏముందో నాకు గూడ తెల్వది, చూద్దాం" అని పైకి చదవడం మొదలుపెట్టాడు. మెల్లగా, వేలు పెట్టుకునే. ఆయన పేజీ తిప్పేలోపు ఏం జరుగుతుందో వినేవాళ్ళు పందేలు కట్టేవాళ్ళు. ఆయన తప్పు చదివితే దిద్దేవాళ్ళెవరూ లేరు, ఎవరికీ ఆ కథ తెలియదు కాబట్టి. మర్నాడు ముందే వచ్చి చోటు పట్టుకున్నారు.

మరాఠీ అక్షరాలు ఆయన ఆ రెండేళ్ళలోనే నేర్చుకున్నాడు. అప్పుడు తెలిసింది, బావి పుస్తకం కథే కాదు. ఇల్లు కట్టుకునేవాళ్ళకు నేలలో నీటి జాడ ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకం. లోపల ఒక చోట, ఆడవాళ్ళు నీళ్ళకు దూరం పోకుండా వంటింటి పక్కనే బావి తవ్వుకోవడం మేలని రాసి ఉంది. ఆ వాక్యం తాత బాపమ్మకు చదివి వినిపించిన రోజు, ఆమె వీధివీధికీ వెళ్ళి చెప్పుకొచ్చింది.

నేను నర్సు చదువుకు కరీంనగర్ వచ్చిన ఏడు తాత పోయాడు. చివరిదాకా ఆయన కొంటూనే ఉన్నాడు. నా లెక్క తప్పలేదు, చదవనివి తగ్గకపోగా పెరిగాయి. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆ కుప్ప చూసి, పాపం, ఇన్ని చదవకుండానే పోయిండు అన్నారు. నాకు ఆ మాట మనసుకు పట్టలేదు. డెబ్బై దాటిన మనిషికి రేపు తెలుసుకోవాల్సింది అంత మిగిలి ఉండటం పాపం ఎట్లా అవుతుంది?

ఉద్యోగంలో నాకు తొమ్మిదిసార్లు బదిలీ అయింది. ప్రతిసారీ సామాను సర్దేటప్పుడు చదివిన పుస్తకాలు ఇరుగుపొరుగుకు పంచి, చదవనివి లారీ ఎక్కించేదాన్ని. మా ఆయన మొదట్లో ఇదేం పిచ్చి అని విసుక్కునేవారు. తరువాత తరువాత ఆయనే, ఇది చదివావా, అయితే ఎవరికిద్దాం అని అడిగేవారు. ఈ మధ్య మోకాళ్ళ నొప్పితో ఎక్కడికీ పోలేను కాబట్టి ఫోనులో కూడా పుస్తకాలు పోగేస్తున్నాను. అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. భాగహారం మాత్రం ఇప్పుడూ వచ్చు.

మొన్న మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నది, టీ తాగడానికి దిగి వచ్చింది. ఏదో మాటల్లో ఫోను చూపించి, దింపుకున్న పుస్తకాలు పదకొండు వందలు దాటాయని, సగంలో సగం కూడా చదవలేదని చెప్పి సిగ్గుపడింది. వాళ్ళ అవ్వ రోజూ తిడుతుందట, ఉత్త ఆశ తప్ప చదివేది లేదని. నేను అలాంటివాళ్ళను ఎన్ని చదివారని అడగను. వాగు ఒడ్డున ఆ రోజు కూర్చున్నప్పటినుంచి నాకు అడగడానికి వేరే ప్రశ్న ఉంది. ఇన్నేళ్ళలో ఎంతమందిని అడిగానో, ఒక్కరి ముఖం కూడా చిన్నబోగా చూడలేదు.

"ఇంకా తెరవనిది, బాగా ఊరిస్తున్నది ఒకటి చూపియ్యి బిడ్డా," అన్నాను.

ఆ అమ్మాయి కాసేపు వేలితో తెర మీదికీ కిందికీ జరిపింది. ఒక చోట ఆగింది. సముద్రం అడుగున వెలుతురే చేరని చోట బతికే చేపల గురించిన పుస్తకం. ఎందుకు దింపుకుందో తనకే తెలియదట. అక్కడ రంగులుంటాయా, ఉంటే చూసేదెవరు, అంటూ మొదలుపెట్టి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. మెట్ల మీద నించుని ఆమె స్నేహితురాలు రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయింది.

"మీరు చదివిండ్రా అమ్మమ్మా ఇది?" అన్నది చివరికి.

"లేదు," అన్నాను. "అందుకే అడుగుతున్న. చెప్పు, ఆ చీకట్ల ఏముండొచ్చు?"